పోపులపెట్టెలోని సొమ్ము

ఇల్లాలికి గలుగు కష్టములలో కొన్నిటికి పేరున్నది. కొట్టిన దెబ్బకు పేరున్నది. తిట్టిన తిట్టునకు పేరున్నది. ఇరుగుపొరుగువారు విన్నచో "అయ్యో పాప"మని యొకమాటయైన ననుదురు. పేరులేని కష్టము మఱియొకటి కలదు. అది చప్పుడు చేయదు, ఒంటిమీద మచ్చ వేయదు. పట్టుచీర గట్టి, మెడనిండ నగలు పెట్టి పేరంటమునకు వచ్చిన యిల్లాలి చేతిసంచిలో, తిరిగి యింటికి బోవుటకు రైలుటిక్కెట్టు కొనదగిన డబ్బు లేకుండుటయే యా కష్టము. నేటి చట్టము దానిని "ఆర్థిక హింస" యని పిలుచుచున్నది. ఆ పేరు నేర్చుకొనుటకు మాకు చాలకాలము పట్టినది. నేర్చుకొనక మునుపు మేము చేసిన యొక తప్పును మీయెదుట నొప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమొక యుపాధ్యాయుని యిల్లాలము. తెనాలి చేరువ పల్లెలో మా కాపురము. మా నాయనగారు చిన్ననాడే మాకు అమరము వల్లె వేయించి, రఘువంశమును, భారతభాగవతములను ఇంటనే చెప్పిరి. అందుచేత లోకజ్ఞానము కూడ మాకు గొంత కలదని మేమనుకొనుచుంటిమి. పుస్తకమందలి ధర్మమును కంటియెదుట నున్న మనిషికి అన్వయించుకొనలేనప్పుడు ఆ చదువెంతటిదో మీరే చిత్తగింపుడు.

మా పెద్దమ్మగారి కుమార్తె మాకంటె నాలుగేండ్లు పెద్దది. ఒకే యరుగుమీద అచ్చనగాయలాడుకొన్నవారము. ఆమె బి.ఎడ్. చదివినది. 2008లో గుంటూరున మిర్చివ్యాపారము చేయువారికిచ్చి వివాహము చేసిరి. పుట్టింటివారు పెండ్లినాడు 20 కాసుల బంగారము పెట్టిరి. కాసులపేరు, వంకీలు, ఆరు జతల గాజులు మాకిప్పటికిని కన్నులకు గట్టినట్లున్నవి. బావగారికి త్రాగుడు లేదు, పేకాట లేదు, నోట దుర్భాష లేదు. "ఎంత పొదుపైన పిల్లవాడు!" అని మా పెద్దలందఱు మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి.

అక్కయ్య ఒక ప్రైవేటు పాఠశాలలో గణితము చెప్పుచుండెను. జీతము బ్యాంకిలో బడును. ఆ బ్యాంకికార్డు బావగారి చొక్కాజేబులో నుండును. జీతము పడినదన్న సందేశము వారి ఫోనునకే పోవును. ప్రతి దినము ఉదయమున కూరగాయలకింత, పాలకింత యని లెక్కించి యిచ్చి, రాత్రి చీటీ చూచి చిల్లర తిరిగి పుచ్చుకొనెడివారు. వంకాయల ధర పొరుగింట నొక రూపాయి తక్కువయని తెలిసిననాడు ఆ రూపాయి యెక్కడికి పోయినదో అక్కయ్య చెప్పవలసియుండెను. ఆమె యీ సంగతులను నవ్వుచు చెప్పెడిది. మేము నవ్వుచు వినెడివారము. "మా బావ సర్కారు ఆడిటరువంటి వా"డని హాస్యమాడెడివారము. ఆ నవ్వు వెనుక నేమున్నదో యొకనాడైన నడిగినవారము కాము.

2016 నవంబరు 8వ తేదీ రాత్రి, ఐదువందల, వేయిరూపాయల నోట్లు చెల్లవని ప్రభుత్వము ప్రకటించిన సంగతి మీకందఱకును జ్ఞాపకమే. ఆ దినములలో ఎన్ని యిండ్ల బియ్యపుడబ్బాలు, ఎన్ని మడతచీరలు తమ రహస్యములను బయటపెట్టినవో! ఆ మరుసటి యాదివారము, అనగా కార్తికపౌర్ణమికి ముందటిదినమున, అక్కయ్య దీపములకని చెప్పి మా యింటికి వచ్చెను. మావారు బడిపిల్లల వ్రాతపుస్తకములు దిద్దుకొనుచు ముంగిట నుండిరి. ఆమె మమ్ము వంటయింటిలోనికి బిలిచి, సంచినుండి చేతిగుడ్డ తీసి విప్పెను. అందులో 37 ఐదువందల నోట్లుండెను. పదునెనిమిదివేల యైదువందల రూపాయలు. అన్నిటికిని ఇంగువవాసన గొట్టుచుండెను.

"పోపులపెట్టె అడుగున దాచుకొన్నానే అమ్మడూ. పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి తెచ్చుకొన్నది కొంత, కూరల్లో మిగిల్చినది కొంత. ఐదేండ్లు పట్టింది. నా ఖాతాలో వేస్తే ఆయనకు తెలిసిపోతుంది. నీ ఖాతాలో వేసి ఉంచవే" అనెను.

మేమేమంటిమో వ్రాయుటకు చేయి రాకున్నది. "ఆలుమగల నడుమ ఈ దాపరికమేమిటక్కయ్యా? బావగారికే యిచ్చి మార్పించుకో. పరులసొమ్ము మన ఖాతాలో వేసికొన్నచో చిక్కు రావచ్చును గదా" యంటిమి. ఆ మాట నిజమే. కాని మా భయము దానివలన గలిగినది మాత్రమే కాదు. భర్తకు తెలియక సొమ్ము దాచిన స్త్రీకి సహాయపడుట అధర్మమని మా మనసున దోచినది. ఆమెవలన బావగారితో మాకు మాట పట్టింపు వచ్చునేమో యని కూడ తోచినది. అక్కయ్య వాదింపలేదు. "నీవన్నదీ నిజమేలే" యని నోట్లను మరల చేతిగుడ్డలో మూటగట్టి, మాతోగూడ భోజనము చేసి, సాయంకాలపు బండికి పోయినది. స్టేషనుదాక సాగనంపుచు, మంచి సలహా యిచ్చితిమని మేము సంతోషించితిమి.

తరువాత నేమి జరిగినదో మాకు రెండేండ్లకు గాని తెలియలేదు. బావగారు సొమ్ము పుచ్చుకొనిరి; తిరిగి యీయలేదు. "ఇంకెంత దాచావు?" అని బియ్యపుడబ్బా, దేవునిమందిరము, పిల్లదాని పుస్తకములసంచి వెదకిరి. పొరుగుపిల్లలకు చదువు చెప్పుట మానిపించిరి. పాలవానికి, కూరలమనిషికి తామే డబ్బిచ్చుట మొదలుపెట్టిరి. నాటినుండి అక్కయ్య చేతికి రూపాయి రాలేదు. ఆ పోపులపెట్టెలోని సొమ్ము ఆమెకు మిగిలిన యొకేయొక్క కిటికీ. దానిని మూయుమని చెప్పినవారము మేము.

2018లో బ్యాంకినుండి యొక జాబు ఆమె పాఠశాలకు వచ్చెను. ఆమె పేర 2,00,000 రూపాయల ఋణమున్నదనియు, నాలుగు నెలలుగా వాయిదాలు కట్టలేదనియు అందులోని మాట. వెనుకటియేడు బావగారు "వ్యాపారపు కాగితములు" అని చెప్పి సంతకములు చేయించుకొన్నవి ఆ ఋణపత్రములేనట. నగలేమైనవని యడుగగా, 2017 వేసవిలో మిర్చిధర కూలినప్పుడు తాకట్టుపెట్టితిననియు, విడిపింపలేక పోయితిననియు చెప్పిరి. మిర్చిధర ఆ యేట కూలినమాట గుంటూరిసీమలో నెవ్వరికి తెలియదు? ఆ మాట నమ్మి అక్కయ్య మఱికొంతకాలము ఊరకుండెడిదే. కాని ఆ యేడే బావగారు తమ పేర నొక యింటిస్థలము కొన్నట్లు ఎవరో మాటవరుసకు చెప్పిరి. నగలుపోయిన దుఃఖముకంటె ఆ అబద్ధమే ఆమెను లేవగొట్టినది. ఎనిమిదేండ్ల కూతురిని చేతబట్టుకొని, రెండుచీరలతో మా గుమ్మమున వచ్చి నిలిచినది. ఈసారి మేము సలహా చెప్పలేదు. నీళ్లు తోడితిమి.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. భారతమున ద్రౌపది సత్యభామతో జేసిన సంవాదమును మేమెన్నిమారులు చదివియుందుము! పతిసేవనుగూర్చి ఆమె చెప్పిన మాటలన్నియు మాకు కంఠస్థములు. ఆ సంవాదముననే, పాండవుల బొక్కసమునకు వచ్చెడిది, పోయెడిది తాను ఒక్కతెయే యెఱుగుదునని ద్రౌపది చెప్పుకొన్నది గదా! ఆ మాటకడ మా కన్ను ఏనాడును నిలువలేదు. ఆదాయవ్యయములు తెలిసియుండుట పతివ్రతకు దోషమైనచో వ్యాసులవారు ఆ మాట నామె నోట బెట్టుదురా? మఱి జూదమున తన్నొడ్డిన భర్త ముందు తన్ను తానోడెనా లేదా యని నిండుసభలో ఆమె యడిగిన ప్రశ్న యేమి? ఎవరి సొమ్మును ఎవరు పణముగా బెట్టవచ్చునన్న ప్రశ్నయే గదా!

స్త్రీధనమను మాట మన పూర్వులు కల్పించినదే. మనువు దానిని ఆరువిధములుగా జెప్పెను. అగ్నిసాక్షిగా నిచ్చినది, అత్తవారింటికి బోవునప్పు డిచ్చినది, ప్రీతితో నిచ్చినది, అన్నదమ్ములు, తల్లి, తండ్రి యిచ్చినవి. కరవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము అను నాలుగు వేళలందు భర్త దానిని వాడుకొన్నచో తిరిగి యీయనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఆ నాలుగింటిలో ఇంటిస్థలము కొనుట లేదు. కాత్యాయనుడు ఇంకను కఠినముగా, భర్తకుగాని, కుమారునకుగాని, తండ్రికిగాని, సోదరులకుగాని దానిపై నధికారము లేదనియు, బలిమిని తినినవాడు వడ్డీతో నీయవలెననియు శాసించెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను, తిక్కన శిష్యుడైన కేతన 13వ శతాబ్దమునందే తెనుగు చేసెను. ఏడువందలయేండ్లకు పైగా తెనుగున నున్న ధర్మము తెనుగింటి యాడుబిడ్డల చెవిని బడకుండుట యెవరి తప్పు? కొంత మాది కూడ.

నేటి చట్టమును తెలిసికొనుటకు మావారు తోడ్పడిరి. 1956 హిందూవారసత్వ చట్టపు 14వ ప్రకరణము ననుసరించి హిందూస్త్రీ స్వాధీనమందున్న యాస్తి ఆమెకు సంపూర్ణహక్కుగలది. ఈ ప్రకరణమును స్థిరపఱచిన తీర్పులలో మిక్కిలి ప్రసిద్ధమైనది మన తెనుగుసీమ వ్యాజ్యమే. 1931లో భర్త గతించిన తులసమ్మ యను నామె, మనోవృత్తికై 1944లో నెల్లూరు మునసబు న్యాయస్థానమున దావా వేసెను. 1949లో రాజీపడి, బ్రతికినంతకాలమే యనుభవింపవలెనన్న షరతుతో ఆమెకు కొంత భూమి యిచ్చిరి. ఆమె దానిని విక్రయింపగా మఱిది యడ్డుపడెను. 1977 మార్చి 17న సుప్రీముకోర్టు, మనోవృత్తి హక్కునుబట్టి వచ్చిన యాస్తి ఆమెదే యని తీర్పుచెప్పెను. దావా వేసిననాటి నుండి ముప్పదిమూడేండ్లు! ఓర్పన నది. అన్యాయమును సహించుట మాత్రమే ఓర్పని మాకెవరు నేర్పిరో తెలియదు.

1985లో అదే న్యాయస్థానము, భార్య నగలు భర్త దగ్గరనున్నను అతడు కావలివాడే గాని స్వామి కాడనియు, అడిగినప్పు డీయకున్న నమ్మకద్రోహమను నేరమగుననియు చెప్పినది. 2005లో చేసిన గృహహింస చట్టము, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చి, దెబ్బలతోపాటు ఆర్థికహింసను గూడ హింసగా నెంచినది. ఇంటిఖర్చున కీయకుండుట, స్త్రీధనమును హరించుట, ఉమ్మడి వస్తువులను వాడుకొననీయకుండుట ఇవన్నియు దానిలోనివే. మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొన్నచో స్త్రీధనమును తిరిగి యిప్పింపవచ్చును, భరణమును నిర్ణయింపవచ్చును.

ఇక నీ హింసను గుర్తించుట యెట్లు? పొదుపరియైన భర్తకును, ఇట్టి భర్తకును భేదమేమని మీరడుగవచ్చును. అక్కయ్యయే మాకు చెప్పిన గుర్తులు కొన్ని యున్నవి. పొదుపరి తనకు గూడ పొదుపే చేసికొనును. ఇతడు భార్యకు మాత్రమే పొదుపు నేర్పును. పొదుపరి లెక్కలు ఇద్దఱియెదుట నుండును. ఇతని లెక్క ఒకవైపుననే నడచును, ఆమె చెప్పవలెను, అతడు చెప్పడు. పొదుపరియింట వద్దన్నమాట ఇద్దఱును అనవచ్చును. ఈ యింట నామె యడిగిన ప్రశ్నయే తప్పగును. "నీకెందుకు, నేను చూచుకొందును గదా" యన్నమాట ప్రేమవలెనే యుండును; దానిని పరీక్షింపదలచినచో ఒక్కసారి పాసుపుస్తకము చూపుమని యడుగుడు. చూపినచో ప్రేమయే. కోపము వచ్చినచో ఆలోచింపవలసియున్నది.

చదువక సంతకము చేయుమనుట, ఆధారుకార్డు మొదలగు కాగితములను తాళములో నుంచుట, భార్య జీతము తాను తీసికొని ఆమెకు దినఖర్చు కొలిచి యీయుట, ఆమె పేర అప్పుచేయుట, ఉద్యోగమును మానిపించుట, పుట్టింటినుండి తెమ్మని వేధించుట ఇవన్నియు ఒకే త్రాటి పురులు. ఒక్కొక్కటి విడిగా చూచిన చిన్నదే. పేనినచో కాళ్లకు బంధము. ఇందులో వ్యాపారము చెడి యిద్దఱును కష్టపడు సంసారమును చేర్చరాదు. నగలు తాకట్టుపెట్టిన ప్రతి భర్తయు దుర్మార్గుడు కాడు. ఆమె యెఱిగి, ఆమె యొప్పి, ఇద్దఱును గంజి త్రాగినచో అది కాపురము.

అక్కయ్య కోలుకొన్న విధము చెప్పెదము, ఎవరికైన నుపయోగపడవచ్చును.

మొదట నామె తన పేర వేఱొక బ్యాంకిలో ఖాతా తెఱచి, క్రొత్త ఫోనునంబరు దానికి గట్టించి, జీతము అందులో పడునట్లు పాఠశాలకు వ్రాసి యిచ్చెను. పాత ఖాతాకు నాలుగేండ్ల లెక్కలపత్రము బ్యాంకిలో నడిగి పుచ్చుకొనెను. తరువాత న్యాయసేవాధికారసంస్థకు పోతిమి. 1987 చట్టమునుబట్టి, ఎంత యాదాయమున్నను స్త్రీకి ఉచితముగా న్యాయవాది నిత్తురని మాకంతవఱకు తెలియదు. అచ్చట కుదిరిన న్యాయవాదిని మొదట నడిగినది నగల జాబితా. మా పెద్దమ్మగారు కంసాలి యిచ్చిన చీటీలను ఏ మంచిబుద్ధిచేతనో పాతపెట్టెలో దాచియుంచిరి. చీటీలు దొరకని నగలకు పెండ్లి ఫోటోలు సాక్ష్యమైనవి. వంకీలు, కాసులపేరు, గాజులు ఒక్కొక్క ఫోటోలో వెదకి గుర్తుపెట్టుచు, పెండ్లికూతురి ముఖమువంక జూడకుండ నగలనే చూచుచు అక్కయ్య మూడు సాయంకాలములు కూర్చుండెను. రిజిస్ట్రారు కార్యాలయమున తీయించిన ఈసీలో ఇంటిస్థలము బయటపడెను.

2019లో మేజిస్ట్రేటు కోర్టున అర్జీ పడినది. 2020 మార్చిలో కరోనావలన కోర్టులు మందగించినవి. ప్రైవేటుబడులు మూతపడి ఆమె జీతము నిలిచినది. ఋణపు వాయిదాలకు రిజర్వుబ్యాంకు ఆరునెలలు గడువు కల్పించుటచే ఊపిరి దక్కినది. మా వసారాలో పిల్లలకు లెక్కలు చెప్పి గడపినది. ఆ యేడు నవంబరు 4న సుప్రీముకోర్టు, భరణపు వ్యాజ్యములలో భార్యాభర్త లిరువురును తమ యాస్తులను, అప్పులను ప్రమాణపత్రమున వ్రాసి యీయవలెనని తీర్పుచెప్పెను. ఆ పత్రము వ్రాయవలసివచ్చినప్పుడే బావగారు రాజీకి దిగివచ్చిరి. పరస్పరాంగీకారముతో 2022లో విడాకులైనవి. 20 కాసులలో 9 కాసులు తిరిగి వచ్చినవి. కూతురి చదువునకు నెలకింతయని వ్రాసి యిచ్చిరి. మిగిలిన బంగారము రాలేదు. ఆమె పేరనున్న ఋణమును ఆమెయే కట్టవలసివచ్చెను, సంతకము చేసినవారిదే బాకీ గనుక. నెలకు 4,000 చొప్పున 2023లో తీర్చినది. అన్యాయము సరియైనదని చెప్పలేము, ఆగినదని చెప్పగలము.

కాగితములకంటె మెల్లగా కోలుకొన్నది మనస్సు. మా యింటికి వచ్చిన క్రొత్తలో ఆమె ఒక దువ్వెన కొని, వెల యెంతయో మాకు చెప్పి, చీటీ చూపి, చిల్లర మాచేతిలో పెట్టబోయెను. "మాకెందుకక్కయ్యా?" యన్నచో దిగులుపడి చూచెను. సబ్బు అరిగిపోవునని మొగము కడుగుకొనుటకు సంకోచించెడిది. తనకేమి యిష్టమో తనకే జ్ఞప్తి లేదు. సంతలో జామపండ్లు కొందమా, సపోటాలు కొందమా యన్నచో "నీ యిష్టమే" యనెడిది. ఒకనాడు ఆమె కూతురు, "అమ్మా, నీకేవి ఇష్టం?" అని పట్టుబట్టగా చాలసేపు నిలిచి "సీతాఫలాలు" అనెను. అవి ఆనాడు సంతలో లేవు. అయినను మాకు పండుగవలెనే యుండెను.

ఈ వ్యవహారములన్నియు చూచిన తరువాత మా యింటి సంగతి మాకు తోచినది. మావారు ఉత్తములు. జీతము రాగానే మాకు జెప్పుదురు, అడిగినది కాదనరు. కాని పాసుపుస్తకము ఎక్కడనున్నదో మేమెఱుగము. భీమా యెంతకో యెఱుగము. ఒకరాత్రి వడ్డించుచు నడిగితిమి.

"మన లెక్కలు నేను కూడ చూడవచ్చునా?"

మావారు ముద్ద యాపి, "నామీద నమ్మకము లేదా?" యనిరి. ఆ కంఠమున బాధ యుండెను. మాకును బాధ కలిగెను. "నమ్మకము లేక కాదు. మీకు జ్వరము వచ్చిననాడు నేనెవరిని అడగాలి?" యంటిమి. ఆ రాత్రి మఱి మాటాడలేదు. మఱునాడు బడినుండి వచ్చి, ఇనుపపెట్టెనుండి కాగితములన్నియు తీసి చాపమీద పఱచిరి. చూడగా డిపాజిట్టునకు నామినీగా మా అత్తగారి పేరుండెను. ఆమె స్వర్గస్థులై యప్పటి కైదేండ్లాయెను. మావారు చాలసేపు ఆ కాగితమును చూచి, "ఇది నేనే గమనింపలేదు" అనిరి. వారము తిరుగకముందే ఆ పేరు మార్పించిరి. ఇప్పుడు నెలకొక యాదివారము ఇద్దఱమును కూర్చుండి లెక్క వ్రాయుచున్నాము. మొదట కొంచెము బిడియముగా నుండెను. ఇప్పుడు కాఫీ త్రాగుచు వ్రాయుచున్నాము.

కావున సోదరీమణులారా! కాపురము చక్కగా నున్నవారును మీ పేర నొక ఖాతా యుంచుకొనుడు. దాని ఫోనునంబరు మీదై యుండవలెను. పెండ్లినాటి నగలకు జాబితా వ్రాసి, చీటీలతోను ఫోటోలతోను పుట్టింట నొక ప్రతి యుంచుడు. చదువక సంతకము చేయకుడు. "ఇల్లాలికి కాగితములేల?" యన్నవారికి, బొక్కసము లెక్క లెఱిగిన ద్రౌపదిని జూపుడు. కష్టములో నున్నవారికి 181 యను ఫోనునంబరున్నది. జిల్లాకేంద్రములలో సఖికేంద్రము లున్నవి. ఉచిత న్యాయసహాయమునకు 15100 కలదు. ఈ అంకెలను పంచాంగపు అట్టలోపల వ్రాసియుంచుడు. మీకక్కరలేకపోవచ్చును, మీ గుమ్మమునకు వచ్చినవారికి అక్కర కావచ్చును.

ఋణము తీరిన యేడు సంక్రాంతికి అక్కయ్య తెనాలిలోని తన యద్దెయింటికి మమ్ము భోజనమునకు బిలిచినది. మేము పిల్లలకు సంస్కృతము చెప్పి కూడబెట్టిన సొమ్ములోనుండి 37 ఐదువందల నోట్లు చేతిగుడ్డలో మూటగట్టి తీసికొనిపోయి ఆమె ముందుంచితిమి. ఆమెకు వెంటనే యర్థమైనది. కన్నీరు పెట్టుకొనునేమో యనుకొంటిమి, పెట్టుకొనలేదు. నోట్లను రెండుమారులు లెక్కించినది. పిమ్మట కూతురి నోటుపుస్తకమునుండి యొక కాగితము చించి, "37 నోట్లు, 18,500 రూపాయలు ముట్టినవి" అని తేదీవేసి సంతకము చేసి మాచేతి కిచ్చినది. మాకు మొదట మనస్సు చివుక్కుమన్నది. ఆ తరువాత, మా అక్కయ్య నిజముగానే కోలుకొన్నదని తెలిసినది.

ఆ రసీదును మేము మా పోపులపెట్టెలో నుంచుకొన్నాము. ఇంకొకతె యెవరైనను చేతిగుడ్డలో సొమ్ము మూటగట్టుకొని వచ్చిననాడు మాకు జ్ఞప్తి రావలయునని.